అడ్వైజర్ ఇచ్చే పది నిమిషాల్లో ఏం అడగాలి?

మూడు సెమిస్టర్లు పూర్తయ్యాయి. మ్యాథ్స్-2, డేటా స్ట్రక్చర్స్ రెండూ పోయాయి. సీజీపీఏ 6.0 దగ్గర కూర్చుంది. వారానికి పదిహేను గంటలు పార్ట్‌టైమ్ పని. కంప్యూటర్ సైన్స్ వదిలేసి సైకాలజీకి మారిపోదామా అన్న ఆలోచన. అకడమిక్ అడ్వైజర్ ఉన్నారు కానీ సెమిస్టర్‌కోసారి సంతకానికి తప్ప వెళ్లింది లేదు, వెళ్తే పది నిమిషాలే ఇస్తారు. ఆ పది నిమిషాల్లో ఏం అడగాలి, తర్వాత ఇంట్లో ఎలా చెప్పాలి? నువ్వు అడిగింది ఇదే కదా. నా విద్యార్థులతో మాట్లాడినట్టే ‘నువ్వు’ అంటున్నాను, ఏమీ అనుకోకు.

ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. అందులో పద్దెనిమిదేళ్లు అడ్వైజర్ కుర్చీలో కూడా కూర్చున్నాను. ముందు మా వైపు గుట్టు ఒకటి విప్పుతాను. విద్యార్థి వచ్చి ‘ఏం చేయమంటారు సార్?’ అనగానే నేను స్క్రీన్ మీద గ్రేడ్లు చూసి, రేపు నా మీదకు మాట రాని సలహా ఒకటి ఇచ్చేస్తాను. ‘గట్టిగా చదువు, బ్యాక్‌లాగ్స్ క్లియర్ చేసుకో, తర్వాత చూద్దాం.’ అది తప్పు మాట కాదు, అలాగని పనికొచ్చే మాటా కాదు. ఒకసారి ఒక అమ్మాయి మాత్రం నోట్‌బుక్‌లో గళ్లు గీసుకుని వచ్చింది. ‘సార్, వచ్చే సెమిస్టర్ ఈ ఐదూ తీసుకుంటే మ్యాథ్స్ క్లాసూ ల్యాబూ ఒకే టైముకు పడుతున్నాయి. ల్యాబ్ వదిలేస్తే మళ్లీ ఏడాది ఆగాలా?’ అంది. నేను లేచి ఆఫీసుకెళ్లి, టైంటేబుల్ చూసేవాళ్లతో మాట్లాడి, ల్యాబ్ బ్యాచ్ మార్పించి వచ్చాను. పది నిమిషాలు కాస్తా ముప్పావుగంట అయింది. ఆ అమ్మాయి నన్ను నిర్ణయం చెప్పమని అడగలేదు. నాకు తెలిసి, తనకు తెలియనిది ఒక్కటే అడిగింది.

అడ్వైజర్‌కు నీ మనసు తెలియదు, నీ రోజు ఎలా గడుస్తుందో తెలియదు. ఆయనకు తెలిసినవి నియమాలు, గడువులు, ఏ సబ్జెక్టు ఏ సెమిస్టర్‌లో నడుస్తుంది, ఏ దరఖాస్తు ఎవరి బల్ల మీదకు వెళ్తుంది, ఇవే. నీ లెక్క నువ్వు వేసుకుని వెళ్తే, అందులో ఖాళీగా ఉన్న గళ్లు నింపడానికి పది నిమిషాలు చాలు. ఖాళీ చేతులతో వెళ్తే గంట ఇచ్చినా చాలదు. కాబట్టి ముందు లెక్క వేద్దాం. డిగ్రీకి 160 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 20, సబ్జెక్టుకు 4, గ్రేడ్లు పదికి అనుకుంటున్నాను. మీ దగ్గర అంకెలు వేరైతే మార్చుకో, పద్ధతి అదే.

మూడు సెమిస్టర్లకు 60 క్రెడిట్లు. 60ని 6.0తో గుణిస్తే 360 పాయింట్లు. ఇందులో పోయిన రెండు సబ్జెక్టుల 8 క్రెడిట్లకు వచ్చింది సున్నా. అంటే ఆ 360 పాయింట్లూ మిగతా 52 క్రెడిట్ల నుంచే వచ్చాయి. భాగించి చూడు, 6.92. పాసైన సబ్జెక్టుల్లో నువ్వు దాదాపు ఏడు తెచ్చుకునే విద్యార్థివి. 6.0 అని కనిపించేదంతా ఆ రెండు సున్నాల చలవ. (కొన్నిచోట్ల పాసయ్యేదాకా ఆ సబ్జెక్టును సీజీపీఏలో కలపరు. మీ దగ్గర కలిపారో లేదో మార్కుల జాబితాలో ముందు చూసుకో. కలపకపోతే ఈ పేరా నీకు వర్తించదు, కింది అంకెలూ మారతాయి.)

ఇప్పుడు రెండింటినీ మళ్లీ రాసి, ఒక మోస్తరుగా ఆరేసి తెచ్చుకున్నావనుకో. 48 పాయింట్లు కలిసి 408 అవుతాయి. కొత్త గ్రేడు పాతదాన్ని తుడిచేసే పద్ధతైతే 408ని 60తో భాగించాలి: 6.8. పాతదీ కొత్తదీ రెండూ లెక్కలో ఉంచే పద్ధతైతే 68తో భాగించాలి: సరిగ్గా 6.0. చదివింది అదే చదువు, రాసింది అదే పరీక్ష, ఒకచోట 6.8, ఇంకోచోట అంగుళం కూడా కదలదు. మళ్లీ రాసినవాళ్లకు ఎంత బాగా రాసినా పాస్ గ్రేడు మించి ఇవ్వని మూడో పద్ధతి కూడా ఉంది. అందుకే నీ మొదటి ప్రశ్న ఇది: ‘మళ్లీ రాస్తే పాత గ్రేడు లెక్కలోంచి పోతుందా? ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఏది కనిపిస్తుంది? గ్రేడుకు పరిమితి ఉందా?’ రెండో పద్ధతి ఉన్నచోట కూడా పాసవక తప్పదు, నిజమే. కానీ అక్కడ సీజీపీఏ పెరగడం ఎక్కువగా కొత్త సబ్జెక్టుల మీదే ఆధారపడుతుంది.

ఇంకో లెక్క కూడా వేసి పెట్టుకో. డిగ్రీ చివరికి 7.5 కావాలంటే మొత్తం 1200 పాయింట్లు రావాలి. 408 చేతిలో ఉంటే మిగిలిన 100 క్రెడిట్లలో సగటున 7.92 చాలు. కష్టమే గానీ చేయగలిగిన కష్టం. ఇదే 6.0తో 80 క్రెడిట్ల దాకా నెట్టుకొస్తే అక్కడి నుంచి 9.0 కావాలి. 120 దాకా నెట్టుకొస్తే 12.0 కావాలి. పదికి పన్నెండు వేసే మాస్టారు ఎక్కడా లేడు. చివరి ఏడాదిలో వచ్చి ‘ఎలాగైనా పెంచాలి సార్’ అనేవాళ్లను చూస్తే నాకు జాలి కంటే చిరాకే ఎక్కువ వస్తుంది, ఆ చిరాకు నా మీద నాకే. రెండో ఏడాదిలో పిలిచి ఈ నాలుగు వరుసలు వేసి చూపించి ఉండాల్సింది. నువ్వు మూడో సెమిస్టర్ కాగానే అడుగుతున్నావు. అది మంచి సమయం.

ఇక గంటల లెక్క. చాలామంది కూలబడేది ఇక్కడే.

క్రెడిట్ అనే కొలత పుట్టుక కొంచెం వింత. 1906లో అమెరికాలో కార్నెగీ ఫౌండేషన్ కాలేజీ అధ్యాపకులకు పింఛన్లు ఇవ్వడం మొదలుపెడుతూ, ఆ పింఛను కావాలంటే హైస్కూలు చదువును గంటల లెక్కన కొలిచి చూసి మరీ విద్యార్థుల్ని చేర్చుకోవాలని కాలేజీలకు షరతు పెట్టింది. ఆ గంటల కొలతే తర్వాత కాలేజీలకూ పాకింది. విద్యార్థికి ఎంత వచ్చిందో కొలవడానికి పుట్టింది కాదు, ఎంతసేపు కూర్చున్నాడో లెక్కపెట్టడానికి పుట్టింది. ఆ సంగతి గుర్తుంటే క్రెడిట్లను ఎలా వాడుకోవాలో తెలుస్తుంది: అది నీ వారంలోంచి తీసే గంటల బిల్లు. అమెరికన్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దాని వెనక రెండు గంటల సొంత చదువు. యూరప్‌లో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కోదానికి 25 నుంచి 30 గంటలు. భారత జాతీయ క్రెడిట్ చట్రంలో ఏడాదికి 1200 గంటలకు 40 క్రెడిట్లు, అంటే ఇక్కడా 30.

30 గంటల లెక్కనే తీసుకుందాం. 20 క్రెడిట్లకు 600 గంటలు, పదహారు వారాలకు పంచితే వారానికి 37.5. అంటే మామూలు సెమిస్టరే పూర్తికాలపు ఉద్యోగంతో సమానం. దానికి పోయిన రెండు సబ్జెక్టులూ కలిపి 28 క్రెడిట్లు వేసుకుంటే వారానికి 52.5. నీ పార్ట్‌టైమ్ పదిహేను కలిపితే 67.5. ఒక వారం చేయొచ్చు, రెండు వారాలు పంతం మీద చేయొచ్చు. పదహారు వారాలు చేసినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. సబ్జెక్టు పోయినవాళ్లు చేసే అత్యంత మామూలు పొరపాటు ఇది. పోయినవన్నీ ఒకే దెబ్బకు తేల్చేద్దామని తలకు మించి ఎత్తుకుంటారు, ఈసారి రెండు కాదు, మూడు పోతాయి.

నా మాటగా చెప్పాలంటే, వచ్చే సెమిస్టర్ కొత్తవి 16 క్రెడిట్లు, పాతది 4, మొత్తం 20 దాటకు. పనితో కలిపి అప్పటికే 52.5 గంటలు అవుతాయి. పక్కన పెట్టిన కొత్త సబ్జెక్టును సెలవుల్లో నడిచే టర్మ్‌లోనో, తేలికగా ఉండే సెమిస్టర్‌లోనో సర్దుకోవచ్చు. ఎప్పుడు సర్దుకోవచ్చో అడ్వైజర్‌నే అడుగు.

రెండింటిలో ఏది ముందు? నేనైతే క్రెడిట్లు చూడను, తోక చూస్తాను. ఒక సబ్జెక్టు పాసైతే తప్ప తీసుకోనివ్వని సబ్జెక్టులు దాని వెనక ఎన్ని వరుసకట్టి ఉన్నాయో అదే దాని తోక. డేటా స్ట్రక్చర్స్ వెనక సాధారణంగా ఆల్గారిథమ్స్, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ లాంటివి నిలబడి ఉంటాయి. మ్యాథ్స్-2లో లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ఉంటే దాని తోక మెషీన్ లెర్నింగ్ వైపు వెళ్తుంది, కానీ ఆ సబ్జెక్టులు చాలాచోట్ల తర్వాతి ఏళ్లలో వస్తాయి. తోక పొడవుగా ఉన్నదే ముందు. దీనికి ఒక మెలిక: కొన్ని సబ్జెక్టులు ఏడాదికి ఒక్కసారే నడుస్తాయి. మా దగ్గర ఒక కుర్రాడికి చిన్న సబ్జెక్టు ఒకటి పోయింది. ‘చిన్నదే కదా’ అని దాటేశాడు. అది బేసి సెమిస్టర్లలోనే ఉండేది, దాని వెనక ఇంకో రెండు, వాటి వెనక ప్రాజెక్టు. మిగతావన్నీ పాసై, ఆ ఒక్క గొలుసు కోసం అదనంగా ఏడాది కూర్చున్నాడు. అందుకని రెండో ప్రశ్న: ‘ఈ రెండింటి మీద ఆధారపడ్డవి ఏవి? ఇవి మళ్లీ ఎప్పుడు నడుస్తాయి? పాతది చదువుతూనే తర్వాతిదాన్ని పక్కన తీసుకోనిస్తారా, దానికి ఎవరి అనుమతి కావాలి?’ ఆ చివరి ముక్క మరవకు. చాలాచోట్ల డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో మినహాయింపు దొరుకుతుంది, అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

మాటలో మాట. అమెరికాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీలో 2012 నుంచి విద్యార్థుల రికార్డుల్లో 800కు పైగా ప్రమాద సూచనల్ని కంప్యూటర్‌తో కనిపెట్టి, ఏదైనా తగలగానే అడ్వైజర్ చేత కబురు పెట్టిస్తున్నారు. వాటిలో నాకు బాగా నచ్చినది, మేజర్‌లో, అంటే ప్రధాన బ్రాంచిలో, మొట్టమొదటి సబ్జెక్టులో బొటాబొటీగా పాసవ్వడాన్ని కూడా హెచ్చరికగా లెక్కించడం. నిజమే కదా, ఫెయిలైతే మళ్లీ చదువుతాం, గట్టెక్కితే అటు తిరిగి చూడం, తర్వాతి మూడు సబ్జెక్టులూ ఆ అరకొర పునాది మీదే లేస్తాయి. నువ్వు పాసైన 52 క్రెడిట్లలో కోర్ సబ్జెక్టు ఏదైనా అలా గట్టెక్కిందేమో కూడా చూసుకో.

బ్రాంచి మార్పు సంగతికి వద్దాం. దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. మారి బాగుపడ్డవాళ్లను చూశాను, మారి చోటు మాత్రమే మార్చుకున్నవాళ్లనూ చూశాను. బయటికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. నేను వాళ్లను అడిగేది ఒక్కటే: ‘పాసైన సబ్జెక్టుల్లో, పరీక్ష అయిపోయాక కూడా నువ్వు తెరిచి చూసిన పుస్తకం ఏది?’ జవాబు కంప్యూటర్ వైపు సబ్జెక్టు పేరైతే నీకు విసుగొచ్చింది బ్రాంచి మీద కాదు, పోయిన రెండింటి మీద. ఏ పేరూ రాకపోతే, సైకాలజీ గురించి నీకు నువ్వుగా చదివినవి చాలా ఉంటే, అప్పుడు మాట్లాడదాం. ఒకటి మాత్రం ముందే తెలుసుకో. మ్యాథ్స్ తప్పించుకోవడానికే అయితే సైకాలజీ తప్పుడు చిరునామా. ఆ డిగ్రీలో స్టాటిస్టిక్స్, పరిశోధనా పద్ధతులు దాదాపు ప్రతిచోటా తప్పనిసరి.

మార్పుకు కూడా లెక్క ఉంది. నీ 52 క్రెడిట్లలో కొత్త బ్రాంచి ఎన్నింటిని ఒప్పుకుంటుంది? 24 ఒప్పుకుంటే ఇంకా 136 కావాలి, సెమిస్టర్‌కు 20 లెక్కన ఏడు సెమిస్టర్లు. ఇప్పటికి అయిన మూడుతో కలిపి పది, అంటే ఒక ఏడాది అదనం. 40 ఒప్పుకుంటే ఆరు, కలిపి తొమ్మిది. ఒక సెమిస్టర్ అదనమా, ఏడాది అదనమా అన్నది ఫీజుల దగ్గరా, ఇంట్లో మాటల దగ్గరా చాలా తేడా తెస్తుంది. ఇది అడ్వైజర్ నోటిమాటగా చెబితే సరిపోదు. కొత్త డిపార్ట్‌మెంట్ వాళ్లు సబ్జెక్టు సబ్జెక్టుగా చూసి రాసివ్వాలి. మూడో ప్రశ్న అదే: ‘ఆ మదింపు ఎవరు చేస్తారు, మార్పుకు సీజీపీఏ పరిమితి ఎంత, దరఖాస్తు గడువు ఎప్పుడు?’

ఈలోగా రెండు పడవల మీదా కాళ్లు పెట్టగలిగిన సందర్భం ఇదొక్కటే కాబట్టి వాడుకో. వచ్చే సెమిస్టర్ 16 కొత్త క్రెడిట్లలో ఓపెన్ ఎలెక్టివ్‌గా సైకాలజీ పరిచయ కోర్సు ఒకటి వేసుకో. మారితే అక్కడ లెక్కకొస్తుంది, మారకపోతే ఇక్కడ ఎలెక్టివ్‌గా లెక్కకొస్తుంది. మధ్యంతర పరీక్షలయ్యేసరికి ఆ పుస్తకం మీద నీకు ఉన్నది ఇష్టమో, దూరపు కొండల నునుపో తేలిపోతుంది.

గడువుల గురించి కొంచెమే చెప్తాను. సెమిస్టర్ మొదట్లో సబ్జెక్టు వదిలేస్తే రికార్డులో జాడ ఉండదు. ఆ గడువు దాటాక వదిలితే విత్‌డ్రా అని పడుతుంది, సాధారణంగా సీజీపీఏ మీద ప్రభావం ఉండదు. రెండో గడువూ దాటితే ఇక పరీక్షే గతి. ఈ రెండు తేదీలూ క్యాలెండర్‌లో రాసుకో. మొదటి ఇంటర్నల్ మార్కులు సాధారణంగా రెండో గడువు లోపే వచ్చేస్తాయి, అప్పుడే నిర్ణయం. అయితే వదిలే ముందు స్కాలర్‌షిప్ షరతులు చూసుకో. విదేశంలో చదివేవాళ్లయితే వీసా కూడా: అమెరికాలో ఎఫ్-1 మీద ఉన్న అండర్‌గ్రాడ్యుయేట్ సెమిస్టర్‌కు 12 క్రెడిట్ల కంటే కిందికి దిగకూడదు. అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు చెప్పకుండా ఒక్క సబ్జెక్టు వదిలి మొత్తం చిక్కుల్లో పడ్డ పిల్లలున్నారు.

పది నిమిషాలే ఇస్తారన్న నీ ఫిర్యాదు న్యాయమైనదే. 1972లో బర్న్స్ క్రుక్‌స్టన్ అనే అమెరికన్ ఆచార్యుడు ఈ తంతును డాక్టర్-రోగి సంబంధంతో పోల్చాడు. విద్యార్థి రోగం చెబుతాడు, అడ్వైజర్ చీటీ రాస్తాడు, అంతే. అలా కాదు, ఇదీ బోధనలో భాగమే అని ఆయన వాదన. యాభై ఏళ్లు దాటినా మాలో చాలామందిమి చీటీలే రాస్తున్నాం. తరచూ కలిస్తే ఫలితం ఉండదా అంటే, ఉంటుంది. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో మొదలుపెట్టిన అసాప్ కార్యక్రమంలో అడ్వైజర్‌ను క్రమం తప్పకుండా కలవడం తప్పనిసరి చేశారు. లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి పోల్చి చూస్తే మూడేళ్లలో పట్టా అందుకున్నవాళ్లు కార్యక్రమంలో లేనివాళ్లలో 22 శాతం, ఉన్నవాళ్లలో 40 శాతం. ఫీజులకు, ప్రయాణాలకు కూడా సాయం చేశారు కాబట్టి ఘనతంతా అడ్వైజర్లకే కట్టబెట్టను.

నీ అడ్వైజర్ వందమందిని చూస్తుంటే ఆయన మారే దాకా ఆగలేవు. రెండు రోజుల ముందు మెయిల్ పెట్టు, ఇంతే ఉండాలి: ‘నమస్కారం సార్. మ్యాథ్స్-2, డేటా స్ట్రక్చర్స్ మళ్లీ తీసుకునే విషయంలో మూడు ప్రశ్నలు ఉన్నాయి, కింద రాశాను. వచ్చే రెండు సెమిస్టర్లకు నేను వేసుకున్న ప్లాన్ జతచేశాను. గురువారం మీ ఆఫీసు వేళల్లో రావచ్చా?’ కష్టాల కథ అందులో వద్దు. వెళ్లి వచ్చిన సాయంత్రమే ఇంకో మెయిల్: ‘మీరు చెప్పినట్టు నాకు అర్థమైంది ఇది, తప్పుంటే సరిదిద్దండి.’ ఇది మర్యాద కోసం కాదు. నియమాలు నువ్వు చేరిన సంవత్సరాన్ని బట్టి ఉంటాయి, పక్క బ్యాచ్‌కు వేరేవి. నేనే ఒకసారి పాత రెగ్యులేషన్ గుర్తుంచుకుని ఒక విద్యార్థికి తప్పు చెప్పాను. అతను రాసి పంపిన మెయిల్ చదివాకే నా తప్పు నాకు తట్టింది. పంపకపోయి ఉంటే నష్టం అతనిదే.

ఆ రెండు పేపర్ల జవాబు పత్రాలు చూపించమని సబ్జెక్టు చెప్పినవాళ్లను అడుగు. ఐదు యూనిట్లలో రెండు అసలు ముట్టుకోలేదా, అన్నీ సగం సగం రాశావా, టైము చాలలేదా, ఒక్కోదానికి మందు ఒక్కోటి. నిద్ర పట్టకపోవడం, ఏదీ చేయబుద్ధి కాకపోవడం లాంటివి వారాల తరబడి ఉంటే మాత్రం నా లెక్కలన్నీ పక్కన పెట్టి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు. అది అడ్వైజర్ పని కాదు, మాకు ఆ శిక్షణ లేదు.

ఇంట్లో ఎలా చెప్పాలన్నావు. అడ్వైజర్‌కు చూపించిన కాగితాన్నే చూపించు, ఆయన నింపిన గళ్లతో సహా. ‘రెండు పోయాయి’ అని మొదలుపెట్టి అక్కడ ఆగకు, అదే వాక్యంలో ‘ఒకటి ఈ సెమిస్టర్, ఒకటి ఆ తర్వాత, ఇదిగో ఇలా’ అని చెప్పు. బ్రాంచి మార్పు మాట ఆ రోజే ఎత్తకు. సైకాలజీ కోర్సులో మధ్యంతర పరీక్ష రాశాక, క్రెడిట్ల మదింపు కాగితం చేతికొచ్చాక ఎత్తు. వాళ్లు అడగబోయే మొదటి ప్రశ్న ‘ఎన్నాళ్లు ఎక్కువ పడుతుంది?’ అనే అవుతుంది.